బాటప్రక్కన నిలిచిన దేవుడు

గొడ్డలి పోగొట్టుకొన్న కట్టెలవాని కథ తెలుగు బాలుర వాచకములలో చిరకాలముగా ఉన్నదే. ఏటియొడ్డున చెట్టు నరకుచుండగా వాని గొడ్డలి చేజారి నీట పడును. వాడు గట్టున చతికిలబడి యేడ్చును. నీటినుండి దేవత యొకతె పైకి వచ్చి మొదట బంగారు గొడ్డలిని, పిమ్మట వెండి గొడ్డలిని చూపును. అవి తనవి కావని వాడు చెప్పును. ఆ దేవతను ఒకరు గంగయందురు, ఒకరు వనదేవతయందురు. ఈసపు పేర వెలసిన గ్రీకు కథలో మాత్రము నీట మునిగి గొడ్డలి తెచ్చినవాడు హెర్మీసు అను దేవుడు. కథ దేశాంతరము వచ్చినపుడు దేవుడు మారుట వింత కాదు. మన పిల్లలకు హెర్మీసు ఎవరో తెలియదు గదా. కాని గ్రీకులు ఆ పనికి అతనినే ఏల పిలిచిరో తెలిసికొన్నచో కథకు మరియొక రుచి వచ్చును. చేజారిన వస్తువు, తలవని తలంపుగా కలిగిన లాభము, ఆ లాభము ఎదుట నిలిచినపుడు ఉండవలసిన మెలకువ, ఇవన్నియు హెర్మీసు ఏలుబడిలోనివి.

జ్యూసు, అపోలో, ఎథీనా మొదలగు దేవతలకు గ్రీకులు కొండలమీద పాలరాతి కోవెలలు కట్టిరి. హెర్మీసు కూడ జ్యూసు కుమారుడే. ఒలింపసు దేవతలలో లెక్కకు వచ్చినవాడే. అయినను అతడు కోవెలలలోకంటె బాటప్రక్కను, ఇంటి గుమ్మమునొద్దను, అంగడి నడుమను ఎక్కువగా కనబడును. గొల్లలు, బాటసారులు, చిల్లర వర్తకులు, చాటింపువారు, ఇంటిపనులు చేయు దాసులు అతనిని తలచుచుండిరి. గొప్పవారు అతనిని కొలువలేదని కాదు. వారికి వేరే దేవతలు కూడ ఉండిరి. ఈ చిన్నవారికి ఇతడే చేరువవాడు.

ఆ పేరునకు మూలము రాళ్ల కుప్పయని పలువురు పండితుల అభిప్రాయము. గ్రీకు భాషలో 'హెర్మా' అనగా ఆనికగా నిలిపిన రాయి, పోగువేసిన రాళ్లు. కొండదారులలో తోవ తప్పకుండ గురుతుకొరకు రాళ్లు పోగు వేయుదురు. దారిన పోవువాడు తానొక రాయి చేర్చిపోవును. మన యూళ్లలో బొడ్రాయిని, పొలిమేరనున్న పోతరాజును చూచినవారికి రాయి దేవుడగు విధము వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి తావుల ఎవరైన దేవునికని అంజూరపు పండునుంచిపోయినచో, వెనుక ఆకలితో వచ్చినవాడు దానిని తీసికొని తినుట కలదు. అది దొంగతనము కాదు, దేవుడిచ్చినది. ఇట్లు వెదకకయే దొరకిన దానికి గ్రీకులు 'హెర్మయాన్' అని పేరిడిరి. ఇద్దరు కలిసి నడచుచుండగా ఒకనికి దారిలో ఏదైన దొరకినచో, రెండవవాడు 'హెర్మీసు అందరివాడు' అని తన పాలు అడుగును. ఇది వారి సామెత. దొరకినది ఎవరిదను ప్రశ్న ఈ దేవుని చరిత్రలో పలుమారులు మనకు ఎదురగును.

అతని పుట్టుకను గూర్చి హోమరు పేర ప్రచారములోనున్న స్తోత్రమొకటి కలదు. స్తోత్రమని పేరేగాని, అది వినువారిని నవ్వించు కథ. ఆర్కేడియాలో కిల్లీనీ పర్వత గుహయందు మైయాకు అతడు తెల్లవారుజామున పుట్టెను. మధ్యాహ్నమునకు వీణ వాయించెను. సాయంకాలమునకు అన్నయగు అపోలో మందనుండి ఏబది ఆవులను దొంగిలించెను. ఆవులను వెనుకకు నడిపించి అడుగుజాడలు తారుమారు చేసెను. తన పాదములకు కొమ్మలల్లిన చెప్పులు తొడిగెను. తెల్లవారునప్పటికి మరల ఉయ్యాలలో పొత్తిగుడ్డలు కప్పుకొని పసిబిడ్డవలె కన్నులు మూసికొనెను. అపోలో వచ్చి నిలదీసినపుడు, 'నిన్న పుట్టినవాడను, నాకు ఆవు అనగా ఏమో తెలియదు' అను ధోరణిలో జవాబు చెప్పెను. జ్యూసు ఈ తగవు విని నవ్వెను. వెన్నదొంగ కథలు విని పెరిగిన మనకు ఇందు క్రొత్తదనము అంతగా తోచదు. దొరికితే దొంగ, దొరకకపోతే దొర యను మన సామెతను గ్రీకులు ఒక దేవునికే అన్వయించిరని అనుకొనవచ్చును.

ఆ కథలో ఆవులకంటె నాకు ముఖ్యముగా తోచునది తాబేలు. గుహ గడప దాటుచు ఆ శిశువు మేయుచున్న తాబేలునొకదానిని చూచెను. చూచిన వెంటనే దాని చిప్పలో వీణ యున్నదని గ్రహించెను. గుహవాసులెవరైనను ఆ తాబేలును దాటిపోయి యుండవచ్చును. అదృష్టము గడపయొద్దకు వచ్చెను, నిజమే. కాని కన్ను తెరచియున్నవానికే అది అదృష్టమయ్యెను. చివరకు అపోలో కోపమును చల్లార్చినది ఆ వీణయే. అతడు దానిని పుచ్చుకొని ఆవులను విడిచెను. కూర్చుండి తిను అదృష్టము వేరు, మేలుకొని పట్టు అదృష్టము వేరు. పొలము పుట్ర, చుట్టములబలము లేనివారికి మొదటిది ఎట్లును లేదు. వారు కోరదగినది రెండవదే. హెర్మీసు దానికి అధిపతి.

అందుచేతనే నిద్రయు మెలకువయు అతని చేతిలోనివని చెప్పిరి. అతని దండము తగిలినచో మేలుకొన్నవాడు నిద్రించును, నిద్రించినవాడు లేచును. ఒంటినిండ కన్నులుగల కావలివాడు ఆర్గసును అతడే నిద్రపుచ్చి చంపెను. ఒడిస్సీ కావ్యములో ఫయేకియా ప్రభువులు రాత్రి పడుకొనబోవు ముందు కడపటి తర్పణమును అతనికే విడుతురు. అదే కావ్యములో పందుల కాపరి యుమేయసు ఇంటికి వచ్చిన ముసలి బిచ్చగానికి విందు చేయుచు మాంసమును ఏడు పాళ్లు చేయును. అందు ఒకపాలు వనదేవతలకును హెర్మీసునకును తీసిపెట్టి, తక్కినవి కూర్చున్నవారికి పంచును. ఆ బిచ్చగాడు మారువేషమున వచ్చిన తన యజమాని ఒడిస్యూసు అని కాపరి యెరుగడు. దొడ్డిలో దాసుడు చేసిన ఈ చిన్న నైవేద్యమును కవి మరువక చెప్పుట గమనింపదగినది.

క్రీస్తుపూర్వము ఆరవ శతాబ్దమునాటికి ఏథెన్సులో రాళ్లకుప్ప చెక్కిన స్తంభమయ్యెను. నలుపలకల రాయి, పైన గడ్డముగల తల, మధ్య పురుషచిహ్నము. చేతులు, కాళ్లు లేవు. వీనిని దేవుని పేరనే హెర్ములనిరి. నిరంకుశ ప్రభువు పిసిస్ట్రాటసు కుమారుడు హిప్పార్కసు నగరమునుండి పల్లెలకు పోవు దారులలో సగము దూరమున హెర్ములను నాటించి, వానిపై ఒకప్రక్క తావు తెలుపు మాటలను, మరియొకప్రక్క తాను కూర్చిన నీతివాక్యములను చెక్కించెను. నీతి చెప్పువాని పేరు కూడ అందు చెక్కబడెను. బాటసారి దేవునిమీద ప్రభువు తన పేరు వ్రాయించుకొనుట ఇది మొదటిసారియేమో గాని, కడసారి మాత్రము కాదు. హిప్పార్కసు క్రీ. పూ. 514లో హత్యకు గురియయ్యెను. స్తంభములు నిలిచియుండెను. వీథులలో, గుడి వాకిళ్లలో, ఇండ్ల గుమ్మములలో హెర్ములు లేని తావు లేకుండెను.

క్రీ. పూ. 415వ సంవత్సరము వేసవి. ఏథెన్సు ప్రజలు సిసిలీ ద్వీపముపై దండయాత్రకు తీర్మానించుకొనిరి. ఏథెన్సును దాని మిత్రులును కూర్చిన యుద్ధనౌకలు 134. ఓడ నడపు ప్రతి నావికునికిని దినమునకొక డ్రాక్మా జీతము. పేదవాని యింట ఆశ చిగిర్చెను. అట్టి సమయమున ఒకనాటి రాత్రి నగరములోని హెర్ములలో ఇంచుమించు అన్నింటి ముఖములను ఎవరో పగులగొట్టిరి. తెల్లవారి తలుపు తీసినవాడు తన గుమ్మముముందు ముక్కు, నోరు లేని దేవుని చూచెను. ప్రయాణమునకు అధిపతియగు దేవుడు ప్రయాణము ముందర అట్లయ్యెను. ఇది అపశకునమని కొందరనిరి. ప్రజాప్రభుత్వమును కూలద్రోయుటకు పన్నిన కుట్రయని కొందరనిరి. నాటి చరిత్రకారుడు థుసిడిడీసు ఈ కలవరమును మిగుల శాంతముగా వర్ణించెను. ఆ పని చేసినదెవరో నాడు గాని పిమ్మట గాని ఎవరును నిశ్చయముగా చెప్పజాలకపోయిరని వ్రాసెను.

కాపలా కాయవలసిన దేవుడు తన్ను తాను కాచుకొనలేదు. నగరము రాత్రియంతయు నిద్రించెను. ఇప్పుడు మేలుకొనెను, కాని అది మెలకువ కాదు, భయము. తెలిసినది చెప్పినవారికి బహుమానమని చాటించిరి. పౌరుడైనను, పరదేశియైనను, దాసుడైనను వచ్చి చెప్పవచ్చును. వానికి శిక్ష యుండదు. ఆ మాటతో ఇతర దైవద్రోహములు కూడ బయటపడెను. ఎల్యూసిసు దేవతల రహస్య పూజలను గొప్పయిండ్లలో వేళాకోళముగా నటించిరని అభియోగము వచ్చెను. దానిని మొదట చెప్పినవాడు ఆండ్రోమకసు అను దాసుడు. దండయాత్ర సేనానులలో ఒకడగు ఆల్సిబయడీసుపై నింద పడెను. బయలుదేరుటకు ముందే విచారణ జరుపుడని అతడు కోరెను. అతని శత్రువులు ఒప్పుకొనలేదు. ఓడలతో పోనిచ్చి, వెనుకనుండి పిలిపించిరి. అతడు దారిలో తప్పించుకొని స్పార్టా పక్షమున చేరెను.

డయోక్లైడీసు అను మరియొకడు వచ్చి, తాను లారియోను గనులలో పనిచేయు తన దాసుని సంపాదన వసూలు చేసికొనుటకు తెల్లవారకముందే లేచి బయలుదేరితిననియు, దారిలో వెన్నెలలో సుమారు మూడువందలమంది గుంపును చూచితిననియు చెప్పెను. నలువది యిద్దరి పేర్లు కూడ చెప్పెను. వానికి కిరీటము పెట్టి, రథముపై నెక్కించి ప్రభుత్వ భోజనశాలకు తీసికొనిపోయిరి. తరువాత ఆండోసిడీసు అను యువకుడు చెరలోనుండి నోరు విప్పగా డయోక్లైడీసు చెప్పినదంతయు కల్లయని తేలెను. నాడు అమావాస్య చీకటియని, వెన్నెల యెక్కడిదని ప్లూటార్కు వ్రాసినాడు. అబద్ధమాడినవానికి మరణశిక్ష విధించిరి. ఆండోసిడీసు ఇంటిముందరి హెర్ము ఒక్కటి చెక్కుచెదరక నిలిచినది. తాను గుర్రముపైనుండి పడి మెడప్రక్క యెముక విరిగి మంచమున నుంటినని అతడు తరువాత న్యాయస్థానమున చెప్పుకొనెను. ఆ రాయి విరుగకుండుటయే అతనిపై అనుమానమునకు కారణమయ్యెను. అదృష్టము ఒక్కొక్కప్పుడు ఇట్లు కూడ ప్రవర్తించును.

ఎథీనా ఉత్సవమున బహుమానములు పంచిరి. దాసుడు ఆండ్రోమకసునకు పదివేల డ్రాక్మాలు, ట్యూక్రసు అను పరదేశీయునికి వేయి డ్రాక్మాలు ముట్టెను. ఇది ఒక ప్రక్క. శిక్షపడినవారి ఆస్తులను ప్రభుత్వము వేలము వేసెను. ఆ వేలము లెక్కలు రాతిపలకలపై చెక్కబడి, వాని తునకలు ఏథెన్సు అంగడిలో త్రవ్వకములందు దొరకినవి. పైరేయసు రేవులో నివసించిన కెఫిసోడోరసు అను పరదేశీయుని యింటి దాసులు అందు వరుసగా ఉన్నారు. పేర్లు లేవు, దేశము, వెల మాత్రము కలవు. థ్రేసు దేశపు స్త్రీ 165 డ్రాక్మాలు. సిరియా దేశస్థుడు 301. కారియా దేశపు చిన్నబిడ్డ 72. ఆ బిడ్డ వెల సిసిలీకి పోవు నావికుని డెబ్బదిరెండు దినముల జీతము. వీరు ఏ విగ్రహమును పగులగొట్టలేదు, ఏ పూజను వెక్కిరింపలేదు. దొరకినదెవరిదని గ్రీకులు అడిగిన ప్రశ్నకు పోయినదెవరిదను ప్రశ్న జోడించి చదువవలసిన శాసనమిది.

దండయాత్ర సంగతి వేగిరముగా చెప్పుదును. క్రీ. పూ. 413 ఆగస్టు 27వ నాటి రాత్రి చంద్రగ్రహణము పట్టెను. సైన్యము సిరక్యూసు విడిచి తప్పించుకొనుటకు సిద్ధముగా నుండెను. సేనాని నీసియసు జోస్యుల మాట విని మూడు తొమ్మిదుల దినములు కదలగూడదని పట్టుపట్టెను. ఆ జాగులో నౌకలు పోయెను, సైన్యము పోయెను. ఏడువేలకు తక్కువ కాకుండ బందీలై రాతిగనుల గోతులలో పడిరి. శకునము చూచుట వేరు, మెలకువ వేరు అని నీసియసునకు ఎవరును చెప్పలేకపోయిరి; లేక చెప్పినను అతడు వినలేదు.

ఇంత జరిగినను జనులు హెర్మీసును విడువలేదు. అతనితో వేళాకోళమును మానలేదు. క్రీ. పూ. 388లో అరిస్టోఫేనీసు ప్రదర్శించిన 'ప్లూటసు' నాటకములో ధనదేవునికి పోయిన చూపు వచ్చును. మంచివారందరు ధనవంతులగుదురు. ఇక దేవతలకు మ్రొక్కువాడు లేడు. ఆకలికి తాళలేక హెర్మీసు ఒక సామాన్యుని యింటికి వచ్చి, ఆ యింటి దాసుడగు కారియోనును పని ఇమ్మని వేడుకొనును. 'నీవు యజమాని సొమ్ము కాజేసినపుడు నేను కప్పిపుచ్చలేదా' అని గురుతు చేయును. 'అందులో నీకు పాలు ముట్టెను గదా' అని దాసుడు బదులిచ్చును. తలుపు కాచువాడుగా నుందునని, వర్తకము చేయింతునని, దారి చూపుదునని దేవుడు తన బిరుదులన్నియు ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టును. చివరకు దాసుడు కనికరించి, ముందు బావియొద్దకు పోయి బలిపశువు ప్రేగులు కడిగి తెమ్మని పంపును. దేవుని చేత ప్రేగులు కడిగించిన ఆ దాసుని మాటలకు ప్రేక్షకులు ఎంత నవ్వియుందురో ఊహింపవచ్చును. అంత చనువు అపోలో యెడల సాగదు.

ఆ తరువాతి తరమున థియోఫ్రాస్టసు మనుష్య స్వభావములను వర్ణించుచు ఒక చిన్న గ్రంథము వ్రాసెను. అందు పేరాశగలవాని లక్షణము చెప్పుచు, వాని దాసులకు వీథిలో రాగి నాణెములు దొరకినపుడు వాడు 'హెర్మీసు అందరివాడు' అని తన పాలు అడిగి పుచ్చుకొనునని వ్రాసినాడు. సమానుల నడుమ పంచుకొనుటకు పుట్టిన సామెతను యజమాని దాసునిమీద ప్రయోగించెను. దాసునికి స్వంతమని చెప్పుకొనదగిన సొమ్ము స్వల్పము. కన్ను తెరచి నడచినందున దుమ్ములో రెండు రాగి బిళ్లలు దొరికెను. అందులోను పాలు. ఈ చిన్న వాక్యమును చదివినపుడెల్ల, ఆ దాసుడు మరునాడు దొరకినదానిని చెప్పియుండడని నాకు తోచును.

రోమనులు ఈ దేవునే మెర్క్యురియసు అని కొలిచిరి. ఆ పేరులో సరకు అను అర్థముగల లాటిను మాట వినబడును. రోములో అతని గుడి ప్రతిష్ఠ క్రీ. పూ. 495 మే 15న జరిగినదని లివీ చరిత్ర చెప్పుచున్నది. ఆ యేడు రోము అప్పులవారి గోడుతో అట్టుడికినట్లుండెను. యుద్ధములలో పోరాడి వచ్చిన ముసలి సైనికుడొకడు అప్పు తీర్చలేక దాస్యమున పడి, ఋణదాత కొట్టిన దెబ్బల మచ్చలతో నగర చత్వరమున నిలిచి తన కథ చెప్పుకొనెనట. ఒక ప్రక్క జనులు గుమిగూడుచుండగా, గుడిని ప్రతిష్ఠించు గౌరవము తనకనగా తనకని ఇద్దరు కాన్సలులు, ఆపియసు క్లాడియసును పబ్లియసు సర్విలియసును, తగవులాడిరి. సెనేటు సభ తీర్పును ప్రజలకు విడిచెను. ప్రతిష్ఠ చేయువాడు ధాన్యపు సరఫరాను చూడవలెను, వర్తక సంఘమును ఏర్పరుపవలెను. ప్రజలు ఇద్దరిని కాదని మార్కసు లెటోరియసు అను శతదళపతికి ఆ పని అప్పగించిరి. అతడు కులీనుడు కాడు, సైన్యములో క్రిందినుండి వచ్చినవాడు. అతని గౌరవముకొరకు కాదు, కాన్సలులను అవమానించుటకే ఇట్లు చేసిరని లివీ వ్రాసెను. కావచ్చును. అయినను ధాన్యము, అంగడి, వాని దేవుడు ఒకనాటికి ప్రజలు ఎన్నుకొన్న సామాన్యుని చేతికి వచ్చెను. మరుసటి సంవత్సరమే రోము సామాన్యజనము నగరము విడిచి పవిత్ర పర్వతముపైకి పోయి కూర్చుండెను. తమకు రక్షకులుగా ట్రిబ్యూనులను సంపాదించుకొనిన పిమ్మటనే తిరిగి వచ్చెను.

ఆ మే నెల పండుగను ఓవిడు కవి తన పంచాంగ కావ్యమున వర్ణించెను. కపేనా ద్వారమునొద్ద ఈ దేవుని పేర ఒక ఊట కలదు. వర్తకుడు కుండలో ఆ నీరు పట్టుకొనిపోయి లారెలు కొమ్మను తడిపి తన సరకులపైన, తన తలపైన చల్లుకొనును. నిన్నటివరకు చేసిన దొంగప్రమాణములు క్షమింపుమని మ్రొక్కును. రేపు చేయబోవువానిని కూడ చూడనట్లూరకుండుమని, లాభములిమ్మని అదే నోటితో కోరును. దేవుడు పైనుండి నవ్వును. తాను అపోలో ఆవులను దొంగిలించిన సంగతి అతనికి జ్ఞాపకమున్నది. మన దుకాణములలో తెల్లవారి బోణీ వేళ చేయు పూజలను ఎరిగినవారు ఈ వర్తకుని కఠినముగా తీర్పుతీర్చరు.

ఈ దేవుని గురుతు మన దేశపు వాకిలివరకు వచ్చినది. బాక్ట్రియా యవనరాజగు మొదటి డెమిట్రియసు నాణెములపై ఒకప్రక్క గంట కట్టిన ఏనుగు తల, రెండవప్రక్క పాములు పెనవేసికొన్న హెర్మీసు దండము కలవు. శకరాజు మావెసు ఆ రాగి నాణెమును పోల్చి తానును వేయించెను. లాటినులో మెర్క్యురియసు దినమే మనకు బుధవారము. రెంటను చెప్పునది ఒక గ్రహమునే. కాని చంద్రుని కుమారుడగు మన బుధుని కథ వేరు; రెంటిని కలిపి చెప్పుట తగదు.

నాకు ఎక్కువ నచ్చిన హెర్మీసు గ్రీసులో ఫారె అను చిన్న పట్టణపు అంగడిలో ఉండెను. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున యాత్రికుడు పౌసేనియసు అతనిని చూచి వ్రాసెను. అది పెద్ద విగ్రహము కాదు; పీఠమైన లేదు. నేలమీద నిలిచిన నలుపలకల రాయి, గడ్డముగల తల. ఎదుట రాతి అగ్నిగుండము, దానికి సీసముతో అతికిన కంచు దీపములు. ప్రశ్న అడుగదలచినవాడు సాయంకాలము వచ్చును. గుండమున ధూపము వేయును, దీపములలో నూనె పోసి వెలిగించును, కుడిప్రక్కనున్న వేదికపై ఆ యూరి రాగి నాణెమునొకటి ఉంచును. పిమ్మట దేవుని చెవిలో తన ప్రశ్నను చెప్పును. ఇక్కడ పూజారి లేడు, అర్థము చెప్పు పండితుడు లేడు. అడిగినవాడు రెండు చెవులు మూసికొని అంగడి దాటి పోవును. వెలుపలికి రాగానే చేతులు తీయును. మొదట చెవిన పడిన మాటయే దేవుని జవాబు.

మన శాస్త్రములలో దీనికి ఉపశ్రుతి యని పేరు. మహాభారతము ఉద్యోగపర్వమున నహుషునికి వెరచిన శచీదేవి ఉపశ్రుతిని ప్రార్థించి, ఆ రాత్రిదేవత సాయముననే తామరతూటిలో దాగిన ఇంద్రుని కనుగొనెను. సంధ్యవేళ అశుభము పలుకకుము, తథాస్తు దేవతలు తిరుగుచుందురని మన పెద్దలు పిల్లలను మందలించుటలోను ఇట్టి భావమే కలదు. దారిన పోవువాని నోటి మాట ఎవరి ప్రశ్నకు జవాబో పలికినవానికి తెలియదు.

డెల్ఫీలోని అపోలోను అడుగుటకు దూరదేశములనుండి రాజులు బంగారు పాత్రలు పంపిరి. ఫారె దేవునికి కొంచెము నూనె, ఒక రాగి నాణెము చాలును. దీపములు వెలుగుచుండగా ఒక గొల్లయో, ఓడ రాకకై ఎదురు చూచు వర్తకుని భార్యయో ఆ రాతి చెవియొద్ద గుసగుసలాడి, చేతులతో చెవులు గట్టిగా మూసికొని, దుకాణముల నడుమ నడచిపోవుచుండును. అంగడివారికి ఈ నడక క్రొత్త కాదు. పొలిమేర దాటగానే చేతులు దిగును. చేపలమ్మి ధర చెప్పుచున్నదో, తల్లి బిడ్డను అన్నమునకు పిలుచుచున్నదో, గాడిదవాడు గాడిదను తిట్టుచున్నాడో, ఆ మొదటి మాటను పట్టుకొని ఆ మనిషి ఇంటిదారి పట్టును.